నేను గీసిన గీతలు

మనిషంత తెలివి అంటే ఏమిటో నాకు బాగా తెలుసని చాలా ఏళ్ళు నమ్మాను. నమ్మి ఊరుకోలేదు. సభల్లో చెప్పాను, పత్రికల్లో రాశాను, రైల్లో పక్క సీటువాళ్ళకి సైతం అడక్కుండానే వివరించాను. యంత్రం ఫలానా పని చేసిన రోజున మనిషితో సమానమైనట్టు, అంతవరకూ అది ఉత్త ఇనప్పెట్టె అని గీత గీసి మరీ చూపించాను. యంత్రం వచ్చి ఆ గీత దాటింది. నేను దాన్ని చెరిపేసి ఇంకాస్త అవతల మరొకటి గీశాను. అదీ దాటింది. మళ్ళీ చెరిపాను. ఈ పని ఎంత తెలివితక్కువగా చేశానో ఇవాళ మీకు దాచకుండా చెబుదామని కూర్చున్నాను. మన్నిస్తారన్న ధైర్యం ఉంది. మీలో చాలామంది ఎక్కడో ఒకచోట ఇలాంటి గీతే గీసి ఉంటారు.

మొదటి గీత చదరంగం బల్ల మీద గీశాను. మా కుర్రతనంలో చదరంగం బాగా ఆడేవాడంటే తెలివైనవాళ్ళలోకెల్లా తెలివైనవాడు. మా వీధిలో నన్ను ఓడించేవాళ్ళు తక్కువ కాబట్టి ఆ కొలత నాకు ఎంతో న్యాయంగా కనిపించేది. ఆ మాటకొస్తే పెద్దవాళ్ళూ అదే కొలత పట్టుకున్నారు. హెర్బర్ట్ సైమన్, అలెన్ న్యూయెల్ అనే అమెరికా శాస్త్రవేత్తలిద్దరు 1950ల చివర్లో, ఇంకో పదేళ్ళలో కంప్యూటరు ప్రపంచ చదరంగ విజేత అవుతుందన్నారు. దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. 1997 మే నెలలో న్యూయార్క్‌లో ఐబీఎం వారి డీప్ బ్లూ యంత్రం ప్రపంచ విజేత గ్యారీ కాస్పరోవ్‌ని ఆరు ఆటల పోటీలో ఓడించింది.

ఆ వార్త వచ్చిన రోజు కాఫీ హోటల్లో స్నేహితులు నన్ను పట్టుకున్నారు. ‘ఏమయ్యా, మీ కాస్పరోవ్ ఓడిపోయాడటగా? ఇక మిషనూ మనిషీ సమానమేనా?’ అన్నారు. నేను క్షణం తడుముకోలేదు. ‘అది ఆలోచించిందా ఏమన్నానా? సెకనుకి 20 కోట్ల స్థితుల్ని తిరగేసింది. తిరగేయడం తెలివెలా అవుతుంది?’ అన్నాను.

డీప్ బ్లూ వేగం నిజమే. దానికి చదరంగం తప్ప లోకంలో మరో పని చేతకాదన్నదీ నిజమే. కానీ అంతకుముందు దాకా నేను ఆ షరతులేవీ పెట్టలేదే! గెలిస్తే చాలన్నాను. గెలిచాక, ఎలా గెలిచావో చెప్పమన్నాను. లారీ టెస్లర్ అనే కంప్యూటర్ నిపుణుడు 1970 ప్రాంతంలోనే ఈ జబ్బుని పట్టుకున్నాడు. యంత్రాలు ఇంకా చేయలేకపోయిన పనికే మనం తెలివి అని పేరు పెట్టుకుంటామన్నాడాయన. ఆ మాట నా గురించే అన్నాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2016 మార్చిలో సియోల్‌లో ఆల్ఫాగో అనే ప్రోగ్రాము లీ సెడోల్ అనే మేటి ఆటగాణ్ణి గో ఆటలో 4-1 తేడాతో గెలిచింది. గో ఎలా ఆడతారో నాకు తెలియదు. తెలియకపోయినా అభిప్రాయం మాత్రం తయారుగా ఉంది. ‘అది కూడా లెక్కే’ అన్నాను. రెండో ఆటలో యంత్రం వేసిన 37వ ఎత్తు చూసి వ్యాఖ్యాతలు పొరపాటు చేసిందనుకున్నారు. అలాంటి ఎత్తు మనిషి వేసే అవకాశం పదివేలలో ఒకటని ఆ యంత్రమే లెక్కగట్టి, అయినా వేసింది. అదే గెలుపెత్తుగా తేలింది. నాలుగో ఆటలో లీ సెడోల్ 78వ ఎత్తు వేసి యంత్రాన్ని తికమకపెట్టాడు. ఆ రెండు ఎత్తుల దగ్గర ఎవరైనా ఆగి ఆలోచించాల్సింది. నేను ఆగలేదు. గెలిచిన నాలుగు ఆటల్నీ యంత్రం ఖాతాలో లెక్క అని రాసి, ఓడిన ఒక్క ఆటనీ మనిషి ఖాతాలో ప్రతిభ అని రాసేశాను.

ఆ తరవాత భాష దగ్గరికి వెనక్కి తగ్గాను. భాష నా ఇల్లు. అనువాదాలు చేసుకుని బతికినవాణ్ణి. మాట అర్థం కావాలంటే మనిషి కావాలి, ఆకలి తెలియాలి, అలిగి పడుకున్న అనుభవం ఉండాలి అని రాస్తూ వచ్చాను. ఇప్పటికీ అందులో కొంత నిజముందనే అనుకుంటాను. కానీ 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక, నేను పూటంతా కూర్చుని చేసే వ్యాపార ఉత్తరం అనువాదాన్ని అది చిటికెలో చేసి చూపించింది. నేను దానిలో తప్పులు వెతికాను. దొరికాయి. ప్రాణం లేచొచ్చింది. కొన్ని నెలలకు మళ్ళీ వెతికాను. తక్కువ దొరికాయి. వెతుకుతున్నకొద్దీ నాకు భాష మీద ప్రేమ కన్నా యంత్రం మీద కక్ష ఎక్కువవుతోందని మా ఇంట్లోవాళ్ళకి అర్థమైంది, నాకే కాలేదు.

ఇక మిగిలింది పద్యం. అక్కడ గీశాను చివరి గీత. ఎక్కడ చెరగాలో అక్కడే చెరిగింది.

మా మేనకోడలు హైదరాబాదులో కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచింది. తను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తుంది. వ్రతం అయింది, భోజనాలకి కాస్త వ్యవధి ఉంది. హాల్లో చాపల మీద బంధువులంతా కూర్చున్నారు. ఎవరో ఈ మనిషి స్థాయి యంత్రాల మాట ఎత్తారు. అంతే, నేను అందుకున్నాను. అవధానం గురించి చెప్పాను. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని నిషిద్ధాక్షరి ఒకరు, దత్తపది ఒకరు, సమస్య ఒకరు ఇస్తుంటే, మధ్యలో అప్రస్తుత ప్రసంగి ధ్యాస చెడగొడుతుంటే, అన్నిటినీ బుర్రలో పెట్టుకుని చివర ధారణ చేసి అప్పజెప్పే మనిషి ముందు ఏ యంత్రం నిలబడుతుంది అన్నాను. అవధాని గురించి అన్న ప్రతి మాటకీ ఆ అవధానిని నేనే అయినట్టు ఛాతీ పొంగింది. ‘ఒక్క సమస్య. ఒక్క కంద పద్యం. పూరించమనండి చూద్దాం. పూరిస్తే మనిషని ఒప్పుకుంటా’ అన్నాను.

మేనకోడలు ఫోను తీసింది. రోహిణీకార్తెలో మంచు కురిసిందని అర్థం వచ్చే పాదం ఒకటి నేనే కల్పించి చెప్పాను. టైపు చేసింది. రెండు నిమిషాల్లోపే నాలుగు పాదాలు వచ్చాయి. ఫోను లాక్కున్నాను. ప్రాస కుదిరింది. గుండె ఝల్లుమంది. రెండో పాదం చూశాను, యతి తప్పింది. బేసి గణంలో పడకూడని జగణం పడింది. ‘చూశారా! చూశారా!’ అని లేచి నిలబడ్డాను. ఫోను ఎత్తి అందరికీ చూపించాను, మా బావగారికి కళ్ళజోడు పెట్టి మరీ చూపించాను. అప్పుడు మేనకోడలు చాలా మర్యాదగా అంది: ‘మావయ్యా, తప్పుందిలెండి, ఒప్పుకుంటాను. మీరు సరిగ్గా పూరించి చెప్పండి, రాసుకుంటాం.’

హాలంతా నావైపు తిరిగింది. గొంతు సవరించుకున్నాను. మంచినీళ్ళు అడిగాను. వేళ్ళ మీద మాత్రలు లెక్కపెట్టాను. మొదటి పాదం వచ్చింది, ప్రాసాక్షరం పోయింది. ప్రాస పట్టుకున్నాను, గణం పోయింది. గణం సర్దాను, అర్థం పోయింది. ఫ్యాను స్పీడు పెంచమన్నాను. పిల్లల్ని గోల చేయొద్దన్నాను, వాళ్ళు నిజానికి గోల చేయడంలేదు. చెమటలు పట్టాయి. ఎవరో ‘విస్తళ్ళు వేస్తున్నారు’ అని అరిచారు, ఆ అరుపు నాకు వేదఘోషలా వినిపించింది. లేవబోయాను. మేనకోడలు ఫోను వెనక్కి తీసుకుంటూ అడిగింది: ‘మావయ్యా, మీ పరీక్షలో మిషను తప్పింది, మీరూ తప్పారు. మరి మీ ఇద్దరిలో మనిషెవరు?’

నా దగ్గర జవాబు లేదు. కంద పద్యం లక్షణం నాకు తెలుసు. పక్కవాడి పద్యంలో తప్పు పట్టడం తెలుసు. పద్యం చెప్పడం రాదు. నాకు రాని పనిని మనిషితనానికి గుర్తుగా పెట్టాను. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో ఆ పరీక్ష నెగ్గగలవారు ఒక్కరూ లేరు. అంటే వాళ్ళందర్నీ మనుషుల పట్టీలోంచి కొట్టేశాను. కొట్టేస్తున్నానని నాకు తెలియనైనా తెలియలేదు.

అసలు సిగ్గుచేటు సంగతి ఇంకొకటుంది. ఆ రాత్రి గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ 1950లో ‘మైండ్’ పత్రికలో రాసిన వ్యాసం చదివాను. ఆయన పేరెత్తకుండా నేను ఉపన్యాసం ఇచ్చింది లేదు. వ్యాసం మాత్రం అదే మొదటిసారి చదవడం. యంత్రాలు ఆలోచిస్తాయా అన్న ప్రశ్నని ఆయన పక్కన పెట్టేసి, ఒక ఆట పెట్టాడు. అడిగేవాడు ఒక గదిలో ఉంటాడు, జవాబులు రాతలో వస్తాయి, అవతల ఉన్నది మనిషా యంత్రమా తేల్చాలి. ఆ వ్యాసంలో ఒక నమూనా సంభాషణ ఉంది. స్కాట్లండ్‌లోని ఫోర్త్ వంతెన మీద ఒక సానెట్ రాయమని అడిగితే, అవతలి పక్షం తనని వదిలేయమని, కవిత్వం తనకెప్పుడూ రాలేదని అంటుంది. తరవాత 34957ని 70764తో కూడమంటే అర నిమిషం ఆగి 105621 అంటుంది. కూడి చూడండి, ఆ జవాబు అసలు మొత్తానికి నూరు తక్కువ. పద్యం రాకపోవడం, కూడికలో తప్పు పోవడం, తప్పడానికి కూడా సమయం తీసుకోవడం మనిషి లక్షణాలేనని ఆయన అప్పుడే చూపించాడు. నేను ఆయన పేరు చెప్పుకుని అందుకు పూర్తిగా ఎదురు మాట ప్రచారం చేశాను.

ట్యూరింగ్ ఆటకీ చిక్కులున్నాయి. 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే చిన్న ప్రోగ్రాము రాశాడు. మనం అన్న మాటనే ప్రశ్నగా మార్చి తిరిగి అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. దాన్ని తయారుచేస్తుండగా చూసిన ఆయన కార్యదర్శే, దానితో కాసేపు మాట్లాడుకుంటాను, మీరు గదిలోంచి బయటికి వెళ్ళమని ఆయన్ని అడిగింది. వైజెన్‌బామ్‌కి అది గెలుపులా కనిపించలేదు, కలవరం పుట్టింది. మనం ఎదుట ఉన్నదానికి మనసుందని ఎంత తొందరగా నమ్ముతామో ఆయన కళ్ళారా చూశాడు. 2025లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ట్యూరింగ్ ఆటని మళ్ళీ ఆడించారు. మనిషిలా నటించమని చెప్పిన జీపీటీ-4.5 అనే ప్రోగ్రాముని నూటికి 73 సార్లు మనిషని అనుకున్నారు. పక్కనున్న అసలు మనిషికన్నా అదే ఎక్కువ మనిషిలా కనిపించింది. డెబ్భై అయిదేళ్ళు ఎదురుచూసిన గీత దాటినా లోకం పెద్దగా తలెత్తలేదు. అప్పటికే అందరూ గీత జరిపేశారు. ఆ జబ్బు నా ఒక్కడిదే కాదని అప్పుడు కాస్త ఊరట కలిగింది. ఊరట కలగాల్సిన విషయం కాదది.

గృహప్రవేశం సంగతి ఇంకా మిగిలుంది. విస్తరి ముందు తలొంచుకు కూర్చున్నాక మేనకోడలు పక్కన కూర్చుంది. మావయ్య చిన్నబుచ్చుకున్నాడని దానికి బాధగా ఉంది. ‘ఆపిల్ కంపెనీ పెట్టిన స్టీవ్ వోజ్నియాక్ ఓ పరీక్ష చెప్పాడు మావయ్యా. యంత్రం తనకి తెలియని ఇంట్లోకి వెళ్ళి, వంటగది వెతుక్కుని, కాఫీ కాచి ఇవ్వాలట’ అంది. తరవాత వంటింటి వైపు చూపించింది. వంటావిడ తెల్లవారుజామున మొదటిసారి ఆ ఇంట్లో అడుగుపెట్టింది. డబ్బాల మీద పేర్లు లేవు. సగం గిన్నెలు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. పొయ్యి కొత్తది, దాని మీటలు ఎటు తిప్పితే ఏమవుతుందో ఇంటివాళ్ళకే తెలియదు. ఆవిడ నెయ్యి వాసన చూసి పక్కన పెట్టింది, వేరేది తెప్పించింది. అనుకున్నదానికన్నా మనుషులు ఎక్కువొచ్చారని చెబితే పులుసు పొయ్యి మీదికి మళ్ళీ ఎక్కించింది. పొయ్యి దగ్గరికి పరిగెత్తుకొచ్చిన పసివాణ్ణి మోచేత్తో అవతలికి తప్పించింది, గరిటె ఆగలేదు. నేను తిన్న పప్పులో ఉప్పు సరిగ్గా ఉంది.

ఆవిడ పనిని నేను జన్మలో తెలివి అన్న మాటతో కలిపి ఆలోచించలేదు. రోబో పరిశోధకుడు హాన్స్ మొరావెక్ 1988లో ఈ తిరకాసుని విడమరిచాడు. తెలివి పరీక్షల్లోనూ చదరంగంలోనూ పెద్దవాళ్ళ స్థాయిని యంత్రానికి నేర్పడం తేలిక, ఏడాది పిల్లకి ఉన్న చూపునీ కదలికనీ నేర్పడం మహా కష్టం. చూడటం, పట్టుకోవడం, నడవడం కోట్ల సంవత్సరాల పరిణామంలో మన ఒంట్లో ఇంకిపోయాయి కాబట్టి అవి మనకు తెలివిగా కనిపించవు. లెక్కలూ తర్కమూ నిన్నగాక మొన్న వచ్చినవి, చెమటోడ్చి నేర్చుకుంటాం కాబట్టి వాటికే గొప్ప పేరు పెట్టుకున్నాం.

సభల్లో నేను గర్వంగా తలుచుకునే మరో పేరు రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్న మన తెలుగువాడు. ఆ బహుమతి గురించి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆయన ఏ పని ఎంచుకున్నాడో ఎప్పుడూ పట్టించుకోలేదు. 1960ల్లోనే ఆయన యంత్రం చేత మనిషి మాట వినిపించడం మొదలుపెట్టాడు. పసిపిల్లలు ఎవరూ నేర్పకుండా చేసే పని అది. ఏళ్ళ తరబడి శ్రమపడ్డాక 1970ల నడుమ ఆయన బృందాలు చేసిన వ్యవస్థలు సుమారు వెయ్యి మాటలు పోల్చుకోగలిగాయి. తెలివి ఎక్కడుందో ఆయనకి తెలుసు. ఆయన పేరు పెట్టుకుని ఊరేగిన నాకు తెలియలేదు.

మా అమ్మ అయిదో తరగతితో చదువు ఆపింది. చదరంగం తెలియదు, కందం తెలియదు. మంచానపడిన మా నాన్న కనుబొమ్మ కదిలితే మంచినీళ్ళో మందో పట్టేసేది. నేను గీసిన ప్రతి గీతకీ ఆవిడ ఇవతలే ఉండిపోయింది. ఇది రాయడానికి నాకు చాలా కష్టంగా ఉంది.

ఇప్పుడు అసలు వాదులాట ఎక్కడికొచ్చిందో చూడండి. షేన్ లెగ్, మార్కస్ హటర్ అనే పరిశోధకులు 2007లో తెలివికి ఉన్న నిర్వచనాలు పోగుచేస్తే 70 దాకా దొరికాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ 2018లో ప్రకటించిన నియమావళి ప్రకారం, డబ్బు విలువ ఉన్న పనుల్లో ఎక్కువభాగం మనుషులకన్నా బాగా, సొంతంగా చేసే వ్యవస్థ వస్తే మనిషి స్థాయి వచ్చినట్టు. గూగుల్ డీప్‌మైండ్ వాళ్ళు 2023లో మెట్లు కట్టారు: నైపుణ్యం ఉన్న పెద్దవాళ్ళలో సగంమందిని దాటితే ఒక మెట్టు, నూటికి తొంభైమందిని దాటితే ఇంకొకటి. ఫ్రాన్స్వా షోలే అనే పరిశోధకుడు 2019లో, వచ్చిన పని ఎంత బాగా చేస్తుందన్నది కాదు, రాని పనిని ఎంత తక్కువ అనుభవంతో నేర్చుకుంటుందన్నదే కొలత అన్నాడు. నాకు అన్నిటికన్నా ఆయన మాటే నచ్చింది. ఆ కొలతతో తను తయారుచేసిన పరీక్షని యంత్రాలు నెగ్గుతుంటే ఆయన కూడా 2025లో ఇంకా కష్టమైనది పెట్టాడు. కానీ ఆ పరీక్ష నెగ్గినంతమాత్రాన మనిషి స్థాయి వచ్చినట్టు కాదని తనే చెప్పాడు. కొలబద్ద మారుస్తున్నట్టు బాహాటంగా చెప్పి మార్చడానికీ, నాలా చాటుగా గీత జరపడానికీ చాలా తేడా ఉంది.

2024 చివర్లో ఒక వార్త వచ్చింది. మైక్రోసాఫ్ట్‌కీ ఓపెన్‌ఏఐకీ మధ్య ఒప్పందంలో, పదివేల కోట్ల డాలర్ల లాభం తెచ్చిపెట్టగల వ్యవస్థనే మనిషి స్థాయిగా లెక్కేసుకున్నారట. ఆ స్థాయి వచ్చిందంటే మైక్రోసాఫ్ట్ హక్కులు మారిపోతాయి కాబట్టి దానికో అంకె కావాల్సొచ్చింది. 2025 అక్టోబరులో కుదిరిన కొత్త ఒప్పందంలో, ఆ స్థాయి వచ్చిందని ఓపెన్‌ఏఐ ప్రకటిస్తే స్వతంత్ర నిపుణుల బృందం తేల్చాలని రాసుకున్నారు. నేను నా గర్వం కోసం గీత గీశాను, వాళ్ళు లాభం కోసం గీస్తున్నారు. నా గీత వల్ల హాల్లో నా పరువే పోయింది. వాళ్ళ గీత వల్ల ఉద్యోగాలూ పెట్టుబడులూ చట్టాలూ మారతాయి. డబ్బు విలువ ఉన్న పనులే లెక్క అన్న నిర్వచనంలో మా అమ్మ పని లేదు, ఎందుకంటే ఆవిడకి ఎవరూ జీతం ఇవ్వలేదు. మనిషంత తెలివి అని పేరు పెట్టి, మనుషుల్లో ఎంతోమంది రోజంతా చేసే పనిని బయట వదిలేసిన నిర్వచనాన్ని నేను ఒప్పుకోను.

అందుకని నా గీతని ఈసారి అచ్చులో, తేదీ ఉన్న పత్రికలో పెడుతున్నాను. ముందెన్నడూ చూడని ఇంట్లో, ఎవరూ దగ్గరుండి చెప్పకుండా, అనుకున్నదానికన్నా ఎక్కువమంది వచ్చిన రోజున వంట చేసి వడ్డించి, పసిపిల్లని పొయ్యి దగ్గరికి రానీయకుండా చూసుకుని, మంచాన ఉన్న మనిషికి ఏం కావాలో కనిపెట్టి ఇచ్చే యంత్రం వచ్చిన రోజున, అది మనిషంత తెలివైనదని ఒప్పుకుంటాను. నాకు తెలిసి ఇవాళ్టికి అలాంటిది లేదు. వచ్చాక నేను మళ్ళీ పద్యం దగ్గరికి పరిగెడితే, ఈ పత్రిక నా ముందు పెట్టి నిలదీయండి. మీ గీత కూడా ఇప్పుడే ఎక్కడైనా రాసి పెట్టుకోండి. రాసేముందు, మీ ఇంట్లో జీతం లేకుండా పనిచేస్తున్నవాళ్ళు ఆ గీతకి ఎటువైపు ఉన్నారో ఒక్కసారి చూసుకోండి.